కావలి దారిలో మాయమైన నాలుగు కిలోమీటర్లు

మా బాబాయి కొడుకు నెల్లూరు నుంచి కావలికి రోజూ బండి మీదే ఉద్యోగానికి వెళ్లొస్తాడు. ఇంటి గేటు నుంచి ఆఫీసు గేటు దాకా వాడి ట్రిప్ మీటర్ ఎప్పుడూ 56 కిలోమీటర్లు చూపించేది. మొన్న వేసవిలో చైన్ సెట్ అరిగిపోయి మార్పించాల్సి వచ్చినప్పుడు, ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది తీయించి 15 పళ్లది వేయించాడు. హైవే మీద ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది అని ఎవరో చెప్పారట. నెల తిరిగేసరికి మొహంలో దిగులు. "మైలేజీ పెరగలేదన్నా, ఇంకా తగ్గింది. 45 వచ్చేది 43న్నరకి పడిపోయింది. పాతదే మళ్లీ వేయించేస్తా" అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను: ఆఫీసుకి ఇప్పుడు మీటర్‌లో ఎన్ని కిలోమీటర్లు వస్తోంది? వాడు గమనించలేదు. మర్నాడు చూసుకుని ఫోన్ చేశాడు. 52.

ఇల్లు మారలేదు, ఆఫీసు మారలేదు, రోడ్డూ అదే. మరి ఆ నాలుగు కిలోమీటర్లు ఏమైనట్టు? వాడి మైలేజీ ఆ నాలుగు కిలోమీటర్లలోనే దాక్కుని ఉంది. స్ప్రాకెట్ మార్చినవాళ్లు ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్నది మీటర్ చూసే తేల్చుకుంటారు. కానీ కొన్ని బండ్లలో స్ప్రాకెట్‌తో పాటు మీటర్ లెక్క కూడా మారిపోతుంది. గజం బద్ద పొడుగు మారిందని తెలియకుండా బట్ట తక్కువొచ్చిందని బాధపడటం లాంటిదే ఇది. ఎంతోమంది ఈ పొరపాటులో పడి మంచి మార్పును వెనక్కి తీసుకోవడం, పనికిరాని మార్పును మెచ్చుకోవడం చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు స్ప్రాకెట్ల సంగతి. గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్‌కి చిన్న స్ప్రాకెట్, వెనక చక్రానికి పెద్ద స్ప్రాకెట్, రెండింటికీ చైన్. చిన్నదానికి 14 పళ్లు, పెద్దదానికి 42 పళ్లు అనుకుందాం. 42ని 14తో భాగిస్తే 3. అంటే చిన్న స్ప్రాకెట్ మూడుసార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుంది. చిన్నదాన్ని 15 చేస్తే ఈ లెక్క 2.8కి తగ్గుతుంది. చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ తక్కువ చుట్లు తిరిగితే చాలు, లాగే బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. 13 చేస్తే లెక్క 3.23 అవుతుంది. బలం పెరుగుతుంది, ఇంజన్ ఎక్కువ తిరగాలి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లు, రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు మోసేవాళ్లు ముందు పన్ను తగ్గించేది ఇందుకే. తిన్నటి హైవే మీద పోయేవాళ్లు పెంచేదీ ఇందుకే. వెనక స్ప్రాకెట్‌ని మార్చినా ఫలితం ఇదే, కాకపోతే తలకిందులుగా. ఈ లెక్కలో ముందు ఒక పన్ను మార్చడం వెనక మూడు పళ్లు మార్చడంతో దాదాపు సమానం. ముందుదే చవక, పనీ తేలిక, కాబట్టి అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీ బండి మీటర్ తన లెక్కను ఎక్కడినుంచి తీసుకుంటోంది?

పాత పద్ధతి ముందు చక్రం. స్ప్లెండర్ లాంటి బండ్లు చూడండి. ముందు చక్రం హబ్ నుంచి ఒక నల్లటి కేబుల్ ఫోర్క్ పక్కనుంచి మీటర్ దాకా వెళ్తుంది. చక్రం తిరిగితే హబ్‌లోని చిన్న గేర్ తిరిగి ఆ కేబుల్ లోపలి తీగను తిప్పుతుంది. మీటర్‌లో ఆ తీగ కొసన అయస్కాంతం, దాన్ని ముట్టుకోకుండా అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెకు ముల్లు. అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి దాన్ని తనతో లాగుతాయి, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది, రెండూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. ఒట్టో షుల్జే అనే జర్మన్ 1902లో పేటెంట్ చేయించిన ఏర్పాటు ఇది. నూట ఇరవై ఏళ్లు దాటినా మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. నాకు దాని మీద చాలా గౌరవం. ఈ బండ్లలో చైన్, స్ప్రాకెట్ అంతా వెనక. మీటర్ చూసేది ముందు చక్రాన్ని. వెనక ఏ స్ప్రాకెట్ వేసినా, ఎన్ని పళ్లు మార్చినా మీటర్‌కి సంబంధం లేదు.

రెండో పద్ధతి చక్రం దగ్గర సెన్సర్. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. ఏబీఎస్‌కి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో తెలియాలి కాబట్టి డిస్క్ పక్కన చిల్లుల రింగు, దాని ఎదురుగా సెన్సర్ ఉంటాయి. చాలా బండ్లలో మీటర్ కూడా అక్కడినుంచే లెక్క తీసుకుంటుంది. ముందు చక్రమైనా వెనక చక్రమైనా ఇక్కడ కూడా స్ప్రాకెట్ ప్రభావం లేదు. ఎందుకంటే చైన్ దాటిన తర్వాతే లెక్కిస్తోంది.

మూడోది గేర్‌బాక్స్. చిక్కంతా ఇక్కడే. కొన్ని బండ్లలో చిన్న స్ప్రాకెట్ బిగించిన షాఫ్ట్ దగ్గరో, గేర్‌బాక్స్ లోపలి గేరు దగ్గరో సెన్సర్ పెడతారు. అది చైన్‌కి ఇవతలే ఉంటుంది. చక్రాన్ని అది ఎప్పుడూ చూడదు. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఇన్ని చుట్లంటే ఒక కిలోమీటర్ అని కంపెనీ నేర్పిన పాఠం ప్రకారం చెబుతుంది. ఆ పాఠం కంపెనీ స్ప్రాకెట్లకూ కంపెనీ టైరుకూ రాసింది.

అంకెలు పెడితే స్పష్టంగా తెలుస్తుంది. వెనక టైరు సైజు 100/90-17 అనుకోండి. దాని చుట్టుకొలత దాదాపు 1.92 మీటర్లు. అంటే కిలోమీటర్‌కి చక్రం సుమారు 520 చుట్లు తిరగాలి. లెక్క 3 కాబట్టి చిన్న స్ప్రాకెట్ 1560 చుట్లు. "1560 చుట్లు అయితే ఒక కిలోమీటర్" అన్నదే మీటర్ చదివిన పాఠం. ఇప్పుడు 15 పళ్లది వేశారు. నిజంగా కిలోమీటర్ పోవడానికి 1456 చుట్లే చాలు. మీటర్ 1456ని 1560తో పోల్చి 0.933 కిలోమీటర్ అంటుంది. పది కిలోమీటర్లు పోతే 9.3. మా వాడి 56 కిలోమీటర్లు 52 అయింది ఇలాగే. అదే 13 పళ్లది వేసి ఉంటే కిలోమీటర్‌కి 1680 చుట్లు, మీటర్ పది కిలోమీటర్లను 10.8 అని చూపించేది.

ఇంత లెక్క గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీటర్ చూపించినదాన్ని కొత్త పళ్లతో గుణించి పాత పళ్లతో భాగిస్తే నిజం వస్తుంది. వెనకది మార్చితే తలకిందులు: పాత పళ్లతో గుణించి కొత్త పళ్లతో భాగించాలి.

మా వాడి మైలేజీని ఈ లెక్కలో పెట్టాం. 43.5ని 15తో గుణించి 14తో భాగిస్తే 46.6. తగ్గింది అనుకున్నది నిజానికి లీటర్‌కి ఒకటిన్నర కిలోమీటర్ పెరిగింది! వాడు ఆ రోజు పాత స్ప్రాకెట్ మళ్లీ వేయించేసి ఉంటే, డబ్బు రెండుసార్లు ఖర్చుపెట్టి వచ్చిన లాభాన్ని వదులుకునేవాడు. పైగా "15 వేస్తే మైలేజీ పోతుంది" అని నలుగురికీ చెప్పేవాడు. వాడు అబద్ధం చెప్పినట్టు కాదు, చూసిందే చెప్పేవాడు. డిస్‌ప్లేలో సగటు మైలేజీ చూపించే బండ్లదీ ఇదే పరిస్థితి. పెట్రోలు లెక్క ఇంజన్ నుంచి సరిగ్గానే వస్తుంది, దూరం లెక్క మాత్రం ఆ షాఫ్ట్ సెన్సర్ చెప్పిందే.

దీనికి ఎదురు ఉదాహరణ మా మామది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చూసుకుంటారు. వంద సీసీ బండి, వెనక ఎప్పుడూ మేత బస్తా. గట్టు ఎక్కేటప్పుడు లాగడం లేదని ముందు 14 తీయించి 13 వేయించారు. మైలేజీ 60 నుంచి 57కి పడిందని చెప్పారు. మా వాడి సంగతి మనసులో ఉండి, "మామా, మీ మీటర్ ఎక్కువ చూపిస్తోంది, నిజంగా పడింది ఇంకా ఎక్కువే" అనబోయాను. వంగి చూస్తే కేబుల్ ముందు చక్రం నుంచి వస్తోంది. మామ మీటర్‌ది ఏ తప్పూ లేదు. మూడు కిలోమీటర్లు పోయిన మాట నిజమే, బస్తా సులువుగా గట్టెక్కుతున్న మాటా నిజమే. అదే బండికి గేర్‌బాక్స్ సెన్సర్ ఉండి ఉంటే మీటర్ లెక్కలో 61 వచ్చేది, మామ మైలేజీ కూడా పెరిగిందని సంతోషపడేవారు. ఒకే మార్పు, ఒకే పెట్రోలు, రెండు వేర్వేరు తీర్పులు. తేడా అంతా సెన్సర్ ఎక్కడుందన్న దాంట్లోనే.

మీ బండి ఏ రకమో ఎలా తెలుసుకోవాలి? కేబుల్ ఉంటే కంటికే కనిపిస్తుంది. లేకపోతే సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా న్యూట్రల్‌లో కీ ఆన్ చేసి, టైరు పట్టుకుని చేత్తో గట్టిగా తిప్పించండి. చేత్తో తిప్పితే మీటర్ కదలకపోవచ్చు, అలాంటప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి మొదటి గేరులో నెమ్మదిగా తిరగనివ్వండి. ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపూ చైన్ దగ్గరికి చెయ్యి గానీ గుడ్డ గానీ పోనివ్వొద్దు, చైన్ తుడుస్తూ వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వెనక చక్రం తిరుగుతున్నా మీటర్ సున్నా దగ్గరే ఉంటే మీ లెక్క ముందు చక్రం నుంచి వస్తోంది, స్ప్రాకెట్ గురించి టెన్షన్ అక్కర్లేదు. మీటర్ కదిలితే అది గేర్‌బాక్స్ కావచ్చు, వెనక చక్రం కావచ్చు. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి రోడ్డే మంచి పరీక్ష. ఏబీఎస్ బండ్లలో ఇలా ఒక్క చక్రమే తిరిగితే ఏబీఎస్ లైటు వెలగొచ్చు. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసి కాస్త నడిపితే మామూలుగా పోతుంది.

రోడ్డు పరీక్షకు మన 16వ నంబర్ జాతీయ రహదారి కంటే మంచి చోటు దొరకదు. పెన్నా వంతెన దాటి కోవూరు వదిలితే కావలి దాకా, ఆ పైన సింగరాయకొండ, ఒంగోలు దాకా తిన్నటి రోడ్డు. కిలోమీటర్ రాళ్లున్నాయి, మధ్యలో 200 మీటర్లకొకటి చిన్న రాళ్లున్నాయి. ఒక రాయి దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేసి పది కిలోమీటర్ల తర్వాత రాయి దగ్గర చూడండి. ఒక్క కిలోమీటర్‌తో తేల్చుకోవద్దు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని రాళ్లు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. పది రాళ్లలో ఆ తేడా కరిగిపోతుంది. స్ప్రాకెట్ మార్చడానికి ముందు ఒకసారి, మార్చాక ఒకసారి చేస్తే అనుమానమే ఉండదు. ముందు 10.0, తర్వాత 9.3 వచ్చిందంటే మీది గేర్‌బాక్స్ లెక్క.

వేగం సరిచూడటానికి ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ చూపించే యాప్ చాలు. ఆ లెక్క ఉపగ్రహాల నుంచి వస్తుంది. జీపీఎస్ లాంటి మన సొంత నావిక్ ఉపగ్రహాల్లో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది, అప్పటికి అది నెల్లూరు జిల్లాలోనిదే. ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. జీపీఎస్ వేగం ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి ఒకే వేగంలో కాసేపు నిలకడగా పోవాలి. ఫోన్ వెనక కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. నడిపేవాళ్లు ఫోన్ చూడకూడదు.

మా వాడి వెనక కూర్చుని నేనే చూశాను. మీటర్ 60 చూపిస్తుంటే ఫోన్ 61 చూపించింది. వాడు వెంటనే, "చూశావా అన్నా, స్పీడు సరిగ్గానే ఉంది కదా, మరి దూరం ఒక్కటే ఎందుకు తప్పుతుంది?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియక చాలామంది మెకానిక్‌లు కూడా మీటర్ పాడైందంటారు.

సంగతేమిటంటే, కంపెనీ నుంచి వచ్చిన బండిలోనే స్పీడోమీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. నిజంగా 57లో పోతుంటే 60 అంటుంది. ఇది లోపం కాదు, కావాలని చేసింది. యూరప్ దేశాలు పాటించే నిబంధన ప్రకారం మీటర్ నిజమైన వేగం కంటే ఎప్పుడూ తక్కువ చూపించకూడదు, కొంత మేర ఎక్కువ చూపించొచ్చు. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో కూడా 117వ నిబంధన స్పీడోమీటర్ గురించే. టైరు కొత్తదున్నప్పుడు చుట్టుకొలత ఒకటి, అరిగాక ఒకటి. గాలి తగ్గితే ఇంకొకటి. వీటిలో ఏది జరిగినా తక్కువ చూపించే తప్పులో పడకూడదని కంపెనీలు ముందే కొంత పెంచి పెడతాయి. కానీ ఈ పెంపు వేగానికే. డిజిటల్ మీటర్‌లో దూరం లెక్క వేరుగా నడుస్తుంది, అందులో సాధారణంగా ఈ పెంపు ఉండదు. అందుకే స్ప్రాకెట్ మార్చకముందు మా వాడి దూరం సరిగ్గా 56 వచ్చేది, వేగం మాత్రం ఎక్కువ చూపిస్తుండాలి.

15 పళ్లది వేశాక రెండు లెక్కలూ ఏడు శాతం తగ్గాయి. వేగంలో ముందే ఉన్న పెంపు పోయి నిజానికి దగ్గరైంది. దూరంలో పెంపు లేదు కాబట్టి అది తప్పు అయిపోయింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల వేగం సరిగ్గా కనబడుతోంది, అంతే.

సరిగ్గా కనబడుతోంది కదా అని వదిలేయడానికి లేదు. 57కి 60 చూపించే మీటర్ కంపెనీ స్ప్రాకెట్‌తో 80 అంటే నిజం 76. పన్ను పెంచాక అదే 80 దగ్గర నిజం 81 దాటుతుంది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉండి నాలుగు అంతకుమించి వరసలున్న రోడ్ల మీద మోటార్‌సైకిల్‌కి గరిష్ఠ వేగం 80, మామూలు రోడ్ల మీద 60. బోర్డు మీద ఇంకా తక్కువ రాసి ఉంటే అదే లెక్క. పోలీసుల స్పీడ్ గన్ మీ బండి నిజమైన వేగాన్నే చూస్తుంది. ఇన్నాళ్లూ మీటర్‌లో ఉన్న ఆ నాలుగు కిలోమీటర్ల జాగ్రత్త మీకు తెలియకుండానే పోయింది. చలానా కంటే నన్ను భయపెట్టేది అలవాటు. మలుపు దగ్గర 50 అంటే బండి ఎలా ఒదుగుతుందో, బ్రేకు ఎంత దూరంలో పట్టుకుంటుందో మన ఒంటికి తెలిసి ఉంటుంది. ఇప్పుడు ఆ 50 పాత 50 కాదు.

టైరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 100/90-17 తీసేసి లావుగా ఉంటుందని 120/80-17 వేయించుకునేవాళ్లున్నారు. చుట్టుకొలత రెండు శాతం పెరుగుతుంది. గేర్‌బాక్స్ సెన్సర్ బండిలో వెనక టైరు మార్చితే మీటర్ తప్పుతుంది. ముందు చక్రం లెక్క తీసుకునే బండిలో ముందు టైరు మార్చితే తప్పుతుంది. 15 పళ్లూ లావు టైరూ కలిపి వేయిస్తే మీటర్ దాదాపు తొమ్మిది శాతం వెనకబడుతుంది.

తప్పును సరిచేసే మార్గం ఉంది. సెన్సర్‌కీ మీటర్‌కీ మధ్య వైరులో పెట్టే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు దొరుకుతాయి. స్పీడోహీలర్ అన్న పేరు అందులో బాగా తెలిసింది, హంగరీలోని హీల్‌టెక్ కంపెనీది. సెన్సర్ పంపే సంకేతాలను మనం చెప్పిన శాతం మేర పెంచో తగ్గించో మీటర్‌కి అందిస్తుంది. 14 నుంచి 15కి వెళ్తే 7.1 శాతం పెంచాలి. ఇక్కడొక ఎంపిక చేసుకోక తప్పదు. ఒకే సంకేతం నుంచి వేగం, దూరం రెండూ వస్తాయి కాబట్టి రెండూ కలిసే మారతాయి. దూరం సరిచేస్తే వేగం మళ్లీ కంపెనీ ఇచ్చినట్టు కాస్త ఎక్కువ చూపిస్తుంది. వేగాన్ని జీపీఎస్‌తో సరిపెట్టుకుంటే దూరం తప్పుతుంది. నేనైతే దూరాన్నే సరిచేస్తాను. మైలేజీ, ఆయిల్ మార్పు, సర్వీసు, రేపు బండి అమ్మేటప్పుడు చెప్పే కిలోమీటర్లు అన్నీ దూరం మీదే ఆధారపడ్డాయి. కొనేవాళ్లకు నిజమైన అంకె చెప్పడం మన బాధ్యత కూడా. వేగం కాస్త ఎక్కువ చూపించడం వల్ల నష్టపోయినవాళ్లెవరూ లేరు.

పెట్టె కొనడం ఇష్టం లేకపోతే పుస్తకంలో లెక్క చాలు. మైలేజీ చూసుకునేటప్పుడు మాత్రం ట్యాంకు నింపి ట్యాంకు నింపే పద్ధతే వాడండి, వీలైతే ఒకే బంకులో. కనీసం మూడుసార్లు నింపి సగటు తీయండి. ఒకటిన్నర కిలోమీటర్ తేడా ఒక్క ట్యాంకులో తేలదు.

చైన్ గురించి ఒక మాట. ముందు పన్ను పెరిగితే వెనక యాక్సిల్ మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనక్కి. కొత్త చైన్ బిగుతు సరిచూశాకే షెడ్డు నుంచి కదలండి. అరిగిన చైన్ మీద కొత్త స్ప్రాకెట్ ఒక్కటే వేయించొద్దు, రెండూ త్వరగా పోతాయి.

మా వాడు 15 పళ్లదే ఉంచుకున్నాడు. పెట్టె కొనలేదు. హ్యాండిల్ దగ్గర చిన్న స్టిక్కర్ అంటించి దాని మీద 1.07 అని రాసుకున్నాడు. ట్యాంకు నింపిన ప్రతిసారీ మీటర్ అంకెను దాంతో గుణించి ఫోన్‌లో రాస్తున్నాడు. ఆయిల్ 3000కి మార్చాల్సింది, మీటర్‌లో 2800 రాగానే మార్చేశాడు. హైవే మీద మీటర్ 75 దాటనివ్వడం లేదు. మొన్న ఆదివారం మామ బండి కూడా అదే రాళ్ల మధ్య నడిపి చూశాం. పది కిలోమీటర్లకు సరిగ్గా 10.0.